నొప్పి లేని బిళ్ల

ఆ రోజు చారన్నం నాలుకకు తగలగానే ప్రాణం పోయినంత పనైంది. అద్దంలో చూసుకుంటే నాలుక ఎడమ అంచున, విరిగిన పన్ను రాసుకునే చోట చిన్న పుండు. నాకు గుట్కా, వక్కపొడి ఏ అలవాటూ లేదు. దిల్‌సుఖ్‌నగర్ చీరల దుకాణంలో పొద్దంతా వాగడం ఒక్కటే నా అలవాటు. వేడి చేసిందనుకుని మజ్జిగ తాగాను.

పుండు మానలేదు. కొన్ని వారాలకు దవడ కింద బిళ్ల కట్టింది. మాది పోచంపల్లి వైపు. కాలికి దెబ్బ తగిలితే గజ్జల్లో బిళ్ల కట్టడం, పుండు మానగానే కరిగిపోవడం అందరం చూసిందే. మా అత్తమ్మ సున్నం, బెల్లం నూరి పట్టు వేసింది.

"పుండుకు కట్టిన బిళ్లనే బిడ్డా. నొప్పి లేదంటున్నవ్ గద, తగ్గుతున్నట్టే. పరేషాన్ గాకు," అంది. నేనూ నమ్మాను.

బిళ్ల ఉసిరికాయంత అయ్యాక మా ఆయన పోరుపెట్టి ఎల్బీనగర్‌లో ఆస్పత్రికి తీసుకెళ్లాడు. డాక్టరమ్మ మెడ తడిమి బయాప్సీ, స్కాన్ రాశారు. రిపోర్టులు వచ్చాక చెప్పారు.

"నాలుక క్యాన్సరమ్మా. మెడలో లింఫ్ నోడ్స్‌కి, అంటే ఆ బిళ్లలకి పాకింది. సర్జరీ చేయాలి."

"మాటొస్తదా మేడం?"

"ముందు మీరు బతకాలి కదండీ."

నాకు ఒళ్లు మండింది. మాట లేకుండా నేను బతకడమేమిటి! బయటికొచ్చి మెట్రో మెట్ల మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను.

నాలుకలో కొంత తీసేశారు. నెక్ డిసెక్షన్ అని మెడ ఎడమ పక్క కోసి నోడ్స్ తీశారు. ఒక నోడ్‌లో జబ్బు ఆ నోడ్ గోడ దాటి బయటికి వచ్చిందని రేడియేషన్, కీమో రెండూ పెట్టారు. నోరు పుళ్లు పడి మంచినీళ్లు కూడా మంటే. ముక్కు గొట్టంలో జావ పోసేది అత్తమ్మే. ఒకరోజు పోస్తూ పోస్తూ ఆగిపోయింది.

"నా చేతులిరిగిపోను! గా సున్నం నేనే పెడ్తి," అని భోరుమంది.

అప్పటికి నాకింకా మాట రాదు. ఆమె చెయ్యి తీసుకుని నా చెంపకు ఆనించుకున్నాను. ఆమె మీద నాకు నిజంగానే కోపం లేదు.

ఇప్పుడు మళ్లీ దుకాణానికి వెళ్తున్నాను. మెడ ఆపరేషన్ తర్వాత ఎడమ చెయ్యి భుజం పైకి లేవదు, చీర కుడి భుజం మీదే వేసి చూపిస్తాను. స్పీచ్ థెరపీతో మాట వచ్చింది, ముద్దగానైనా వచ్చింది. "నోట్ల ఏమన్న పెట్టుకున్నవా అమ్మా?" అని ఒకావిడ అడిగితే, "ఉన్నదే తీయించుకున్న అక్కా," అన్నాను. ఆమె రెండు చీరలు కొనుక్కుంది. చెకప్‌లో డాక్టరమ్మ మెడ తడిమేటప్పుడు మాత్రం ఇప్పటికీ భయంతో ఆమె మొహమే చూస్తుంటాను.

నోటి పుండు మూడు వారాలైనా మానకపోతే వెళ్లి చూపించుకోండి. బిళ్ల కట్టేదాకా ఆగకండి. కట్టిందా, నొప్పి లేదని అస్సలు సంబరపడకండి. నాకూ లేదు.