లారీ ఎక్కని కుర్చీ

సర్కారు ఆఫీసు కొనుగోళ్ల విభాగంలో ఆమెను అందరూ ‘పాతసామాన్లక్క’ అనేవారు. ఏది కొనాలన్నా ముందు, “ఉన్నదానికేం రోగమొచ్చింది?” అని అడిగేది. బాగుచేస్తే పనికొచ్చేదాన్ని పారేసి, ఎక్కడో బొగ్గు మండించి చేసినదాన్ని లారీలో తెప్పిస్తామంటే ఆమెకు ఒళ్లు మండిపోయేది. కాంట్రాక్టర్లకు ఆమె కొరకరాని కొయ్య.

పదవీ విరమణ రోజున తోటివాళ్లు ఆమె పాత కుర్చీకే కొత్తగా కేను అల్లించి కానుకగా ఇచ్చారు.

“మీరు వంక పెట్టలేనిది ఇదొక్కటే దొరికిందక్కా. లారీ కూడా ఎక్కలేదు,” అన్నాడు గుమాస్తా.

ఆమె అల్లికను వేళ్లతో నొక్కి చూసింది. కూర్చోబోయి ఆగింది.

“బాగానే ఉంది. నేనిది పట్టుకుపోతే, రేపు నా సీట్లోకి వచ్చేవాళ్లకి కొత్తది కొంటారు కదా?”

ఆమె కుర్చీని బల్ల వెనక్కి జరిపి, చేతిసంచి తీసుకుని ఇంటికి వెళ్లిపోయింది.