బీచ్‌ల పెట్టించిన సామాను

1959లో, ఎండలు ముదరక ముందు, మక్తల్ అవతల కృష్ణకు దగ్గరలో ఉన్న ఒక తాలూకా కచేరీకి నన్ను ఇన్‌చార్జి నాజరుగా వేశారు. కచేరీ పేరు చెప్పను. అక్కడ పనిచేసినవాళ్ల మనవలు ఇప్పుడు పెద్ద కుర్చీల్లో ఉన్నారు. నాకు నా పింఛను మీద ప్రేమ ఎక్కువ.

నాజరు అంటే ఏమిటో ఈనాటివాళ్లకు తెలియదు కనుక చెబుతాను. తాలూకాకు పెద్ద తహసీల్దారు. ఆయన ముందు కాగితాలు పెట్టేవాడు పేష్కారు. ఊళ్ల మీద తిరిగి పంటలు, శిస్తులు చూసేవాడు గిర్దావరు. వీళ్లెవరూ రాకపోయినా ఒక పూట కచేరీ నడుస్తుంది. నాజరు రాకపోతే తలుపే తెరుచుకోదు. తాలూకా మొత్తం నాజరు మొలకు వేలాడుతుంది.

కొంచెం ఎక్కువ చెప్పాను. మొలకు వేలాడేది తాళంచెవుల గుత్తి మాత్రమే. జవాన్లకు, అంటే కచేరీ బంట్రోతులకు, పని పంచడం, సర్కారు సామాను కాపాడటం, పెద్ద అధికారి దౌరాకు బయలుదేరితే ఆయన డేరా, మంచం, కుర్చీ, కందిలి మోయించి, వేయించి, తిరిగి కొట్టులో పెట్టించడం నాజరు పని. దౌరా అంటే అధికారి ఊళ్లు తిరగడం. కొత్త రాష్ట్రం వచ్చాక దాన్ని క్యాంపు అన్నారు. పేరు తేలికైంది గానీ సామాను తేలిక కాలేదు.

సామాను కట్టడం ఒక విద్య. విప్పినప్పుడు ముందు కావలసింది, కట్టేటప్పుడు చివర పెట్టాలి. డేరా గుడ్డలో మేకులు చుట్టి కట్టినవాడు ఆ మేకుల కోసం ముళ్లకంపల్లో గుడ్డంతా పరుచుకుంటాడు. కందిలి చిమ్నీకి పరుపు చుట్టను మించిన పెట్టె లేదు. ఇక కట్టే తాడు సంగతి. నార తాడు తడిస్తే ముడి బిగుసుకొని పళ్లతో లాగినా రాదు. సుతిలి, అంటే సన్న పురికొస, బండి కుదుపుకే తెగుతుంది. తోలు పట్టాలు ఎలుకల పాలు. అందుకని లారీ చక్రం లోపలి రబ్బరు ట్యూబును రెండు వేళ్ల వెడల్పు పట్టీలుగా కోయించి, కొసలకు ఇనుప తీగ కొక్కేలు పెట్టించాను. మూట చుట్టూ సాగదీసి కొక్కెం తగిలిస్తే బండి బోల్తా పడినా మూట చెదరదు. పాలమూరు జిల్లాలో ఈ పద్ధతి కనిపెట్టింది నేనే.

అబద్ధం. కనిపెట్టింది మా దఫేదారు ఖాసిం. జవాన్ల మీద పెద్దను దఫేదారు అనేవారు. తానే కనిపెట్టానని ఖాసిం అల్లా మీద ఒట్టు వేసేవాడు. తర్వాత మక్తల్‌లో చూస్తే ప్రతి లారీ క్లీనరు దగ్గరా అవే పట్టీలు. ఖాసిం సొంతంగా కలిపింది ఒక్కటే: కొక్కెం తగిలించాక దాన్ని పటకారుతో నొక్కి మూసేసేవాడు. "నేను కట్టిన మూట నేను తప్ప ఎవ్వడు విప్పడు నాజర్ సాబ్," అని మీసం తిప్పేవాడు. అది పనితనం అనుకున్నానే గానీ ప్రమాదం అనుకోలేదు.

ఆ ఏడు మా డివిజనుకు డిప్యూటీ కలెక్టరుగా వచ్చినాయన సముద్రం వైపు మనిషి. రెండు ప్రాంతాలు కలిసి ఎక్కువ కాలం కాలేదు. మాకు తెలుగు నేర్పే బాధ్యత కూడా సర్కారు తనకే అప్పగించిందని ఆయన నమ్మకం. మేం చదివింది ఉర్దూలో. ఇంట్లో మాట్లాడేది తెలుగే, కానీ అది తెలుగని ఆయన ఒప్పుకునేవారు కారు. వచ్చిన కొత్తలో గోంగూర తెప్పించమన్నారు. "గోంగూర అంటే ఏం కూర సార్?" అని అడిగాను. మేం దాన్ని పుంటికూర అంటాం. ఆయన కచేరీ అంతా వినేటట్టు, "నువ్వు తెలుగువాడివేనటయ్యా? ఇంకోసారి మాట అర్థం కాలేదని నా ముందుకొచ్చావంటే నకళ్ల సెక్షనుకి తోలేస్తాను," అన్నారు.

నకళ్ల సెక్షను పాలమూరులో, జిల్లా కచేరీలో ఉండేది. ఒకరు రాసిన కాగితాన్ని చూసి ఇంకొకరి కోసం రాయడమే అక్కడి పని. నేను వచ్చింది అక్కడి నుంచే. ఇన్‌చార్జి అనే ముక్క తీసేసి నన్ను ఖాయం చేయాలంటే ఈయన సిఫారసు కావాలి. ఖాయమైతే కచేరీ వెనక ఇల్లు నాది. కాకపోతే ఆ ఇల్లు విడిచి పాలమూరులో కిరాయి ఇల్లు చూసుకోవాలి. నా భార్యకు అప్పుడు నెలలు నిండాయి. సంగతి విని ఆమె ఒకటే చెప్పింది: "ఆయన ఏమన్నా అననియ్యుండ్రి, సరే సార్ అనుండ్రి. గీ యాళ్ల మూటలు గట్టుడు నాతోని గాదు."

ఆనాటి నుంచి నా నోట ఆ రెండు మాటలు తప్ప మూడోది లేదు.

ఉద్యోగాల వరుసలో డిప్యూటీ కలెక్టరు మీద కలెక్టరు ఉంటారు. మా డిప్యూటీ కలెక్టరు మీద ఆయన అత్తగారు ఉండేవారు. కూతుర్ని చూడటానికి బందరు వైపు నుంచి వచ్చిన ఆ పెద్దావిడకు ఇక్కడి రాళ్లు, ఎండ, బావినీళ్లు ఏవీ నచ్చలేదు. వాళ్ల ఇంటి ఆచారం ప్రకారం అత్తగారు అల్లుడితో నేరుగా మాట్లాడకూడదు. అల్లుడు ఎదురుగా కూర్చున్నా కూతురికి చెప్పినట్టే చెప్పాలి. "అమ్మాయ్, మీ ఆయన్ని అడుగు, ఈ జిల్లాలో నీళ్లనేవి నిజంగా ఉన్నాయా, లేక గెజిట్‌లో మటుకే వేసుకుంటారా అని," అన్నారొకనాడు. కాగితాలతో గుమ్మంలో నిలబడ్డ నేనూ విన్నాను. నేను విన్నానని అల్లుడుగారూ చూశారు.

ఆయనకు రోషం వచ్చింది. మర్నాడే నన్ను పిలిపించారు. ఆదివారం సాయంత్రం కుటుంబంతో కృష్ణకు వస్తున్నామని, తమ సొంత గొడుగు, కుర్చీలు, చాపలు, ఫలహారాలు, కాఫీ ముందే చేర్పించాలని చెప్పారు. "అంతా బీచ్‌లో ఉండాలి. గట్టు మీద దింపేసి చేతులు దులుపుకుంటే ఊరుకోను. సరిగ్గా బీచ్‌లో. అర్థమైందా?"

"సరే సార్," అన్నాను.

సముద్రపు ఒడ్డును ఇంగ్లీషులో బీచ్ అంటారని, నది ఇసుకను కూడా ముచ్చటపడి అలా పిలిచేవాళ్లుంటారని ఇప్పుడు బడిపిల్లలకూ తెలుసు. అప్పుడు మాకు తెలిసిన బీచ్ ఉర్దూది. దాని అర్థం నడుమ. బజారు బీచ్‌ల నిలబడ్డడంటే బజారు నడుమ నిలబడ్డాడని. గట్టు మీద వద్దు, సరిగ్గా బీచ్‌లో అన్నాక ఇక అనుమానం ఎక్కడుంది?

అయినా ఖాసింతో ఒకసారి అనుకున్నాను. ఖాసిం నోరు తెరిచాడు. "నదికి బీచ్‌ల అన్నడా?"

"అన్నడు."

"గట్టు మీద వద్దన్నడా?"

"వద్దన్నడు ఖాసిం భాయ్."

"అయితే నడిమి గుండు మీదనే. పెద్దోళ్ల షోకు సాబ్, మనకేం ఫికర్?"

కృష్ణ నడుమ, నీళ్ల పాయకు అవతల, నాలుగు మంచాలు పట్టేంత బండరాయి ఒకటుంది, అదే నడిమి గుండు. అక్కడికి పోవాలంటే పుట్టి ఎక్కాలి. వెదురు బుట్టకు తోలు తొడిగినట్టుండే ఆ గుండ్రటి పడవ గిరగిర తిరుగుతూ పోతుంది కనుక సామాను విడివిడిగా వేస్తే నీళ్ల పాలే. అధికారిగారి సామానుకు వచ్చిన తోలు పట్టాలను మా కొట్టు ఎలుకలు అప్పటికే ఆరగించాయి. ఫలహారాలు, కాఫీ ఉన్న బుట్టను కుర్చీల నడుమ, కుర్చీలను చాపల నడుమ పెట్టి, పైన డేరాకు చెల్లెలి వంటి ఆ రంగుల గొడుగును అడ్డంగా పడేసి, అంతా ఒకే మూట చేసి ట్యూబు పట్టీలతో నిలువుగా, అడ్డంగా బిగించాం. ఖాసిం ప్రతి కొక్కేన్నీ పటకారుతో మూసి, పటకారును బండిలో పడేశాడు. పుట్టి నడిపే తాయప్ప ఆ మూటను గుండు మీదకు చేర్చాడు. అక్కడ గాలి జోరుగా ఉంది. ఇప్పుడే విప్పితే గొడుగు ఎగిరిపోతుంది, వాళ్లు వచ్చాక విప్పుదామని ఒడ్డుకు తిరిగి వచ్చాం. బండివాడు బండి తోలుకొని ఊళ్లోకి పోయాడు.

జీపు వచ్చింది. అధికారిగారు, భార్య, అత్తగారు దిగారు. ఆయన ఇసుక వంక అటూ ఇటూ చూశారు.

"సామానేదయ్యా?"

"బీచ్‌ల పెట్టించిన సార్."

"బీచ్‌లో ఎక్కడ?"

"సరిగ్గా బీచ్‌లనే సార్."

"అయితే నేను నిలబడ్డది బీచ్ కాదటయ్యా?"

"కాదు సార్. మీరు కినారకున్నరు."

కినార అంటే ఒడ్డు. నేను చూపించిన వేలి వెంట ఆయన చూపు నది మీదుగా పోయి, నడిమి గుండు మీద ఒంటరిగా కూర్చున్న మూట మీద ఆగింది. ఆ ముఖంలో వచ్చిన రంగు నేను మళ్లీ ఏ అధికారి ముఖంలోనూ చూడలేదు. మధ్యలో ఎవడు పెట్టమన్నాడని అరిచారు. మీరే సార్, బీచ్‌ల అన్నరు గద, అన్నాను. రేపు పొద్దున్నే నకళ్ల సెక్షనుకు నడవమన్నారు. నా కాళ్ల కింద ఇసుక నిజంగానే జారింది.

"బీచంటే వీళ్లకి మధ్య అనిట అమ్మా," అని ఆయన భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

అత్తగారు నవ్వలేదు. "అమ్మాయ్, మీ ఆయన్ని అడుగు. నా కాఫీ అక్కడుంది. అది ఇక్కడికొస్తుందా, నన్ను అక్కడికి పొమ్మంటారా?"

తాయప్ప చేతులు కట్టుకొని, "అంత మూట మళ్లెత్తాలంటే నడుం విరుగుతది దొరా. మీరే రాండ్రి, మీకు కాళ్లున్నయి గద," అన్నాడు.

అందరం పుట్టి ఎక్కాం. అది తిరగడం మొదలుపెట్టగానే అధికారిగారు రెండు చేతులా అంచు పట్టుకొని కళ్లు మూసుకున్నారు. సరిగ్గా అప్పుడే మా పక్కన ఒక మొసలి తల ఎత్తింది. నేను దాని కళ్లలోకి చూశాను. అది సిగ్గుపడి మునిగింది. ఈ మాట పెళ్లిళ్లలో, పందిళ్లలో చాలాసార్లు చెప్పాను. అది తాయప్ప వాళ్ల బర్రె.

గుండెక్కాక అధికారిగారు తామే మూట మీద పడి పట్టీ లాగారు. పట్టీ సాగింది, వదిలింది, మళ్లీ మూటకే అతుక్కుంది.

"పటకారు లేకుంటే ఊడది సాబ్. గదే దాని గొప్ప," అన్నాడు ఖాసిం గర్వంగా.

"ఏదీ పటకారు?"

"బండ్ల ఉన్నది సాబ్."

"పోనీ కత్తేదైనా తగలెయ్. పళ్లు కోసే కత్తుండాలే?"

"ఉన్నది సాబ్. మూటల ఉన్నది."

"మూటలో ఎక్కడ?"

ఖాసిం కొంచెం వెనక్కి జరిగాడు. "బీచ్‌ల సాబ్."

ఆయన భార్య ఈసారి కొంగు అడ్డం పెట్టుకోలేదు. పగలబడి నవ్వారు. ఆ నవ్వు ఆగే లోపల అత్తగారు రొంటిన ఉన్న అడకత్తెర తీసి, వక్కను కత్తిరించినట్టు పైపట్టీని కత్తిరించారు. తెగిన పట్టీ ఎగిరి అల్లుడుగారి చెంప మీద చప్పుడయ్యేటట్టు తగిలింది. దాని వెనకే గొడుగు తనంతట తానే విచ్చుకొని, గాలికి లేచి, నీళ్ల మీద పడి, రంగులన్నీ చూపిస్తూ తూర్పుకు సాగిపోయింది. తాయప్ప కదలలేదు. ఆ పాయలో గాలితో పందెం తన పుట్టి వల్ల కాదన్నాడు.

అత్తగారు ఇంకో పట్టీ కత్తిరించి, కాఫీ తీసుకొని, మూట మీదే కూర్చొని తాగారు. సగం తాగాక, ఇన్నేళ్ల ఆచారాన్ని పక్కనబెట్టి, అల్లుడి ముఖం చూసి నేరుగా అన్నారు: "మా ఊరి వైపే పోతోందండీ అల్లుడుగారూ. మీ గొడుగుకి బీచ్ దారి తెలుసు."

తిరుగు పుట్టిలో అధికారిగారు మళ్లీ అంచు పట్టుకొని కళ్లు మూసుకున్నారు.

సోమవారం పొద్దున పిలుపు వచ్చింది. ఆయన చెంప మీద పట్టీ గుర్తు ఇంకా ఎర్రగా ఉంది. ఈ సాయంత్రానికి తాళంచెవులు అప్పగించి పొమ్మన్నారు. నేను చేతులు కట్టుకొని, "సరే సార్. సంజాయిషీ నోటీసు ఇప్పిస్తే జవాబు రాసుకుంట," అన్నాను. తప్పు చేసినవాణ్ణి పదవి నుంచి దించాలంటే ఏం తప్పు చేశాడో రాసి నోటీసు ఇవ్వాలి. దానికి అతని జవాబు తీసుకోవాలి. రెండూ కలెక్టరు దగ్గరకు పోవాలి. ఇది పద్ధతి.

ఆయన కాగితం లాక్కున్నారు. తేదీ వేశారు. నా పేరు రాశారు. కలం ఆగింది. నాజరు హుకుం ప్రకారం సామాను పెట్టలేదని రాస్తే, ఏ సామాను, ఏ సర్కారు పని మీద అని కలెక్టరు అడుగుతారు. ఆదివారం నాడు సర్కారు జీపు, సర్కారు బండి, దఫేదారు, నాజరు కలిసి కృష్ణ నడుమ ఏం చేస్తున్నారని అడుగుతారు. అత్తగారి కాఫీకి దస్త్రంలో జాగా లేదు. ఆయన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నారు. "వెళ్లు," అన్నారు. తర్వాత ఖాయం కావలసినవాళ్ల వరుసలో నా పేరూ అందరితో పాటే పైకి పోయింది, కచేరీ వెనక ఇల్లు నాకే దక్కింది.

పెద్ద అధికారిని ఒక్క మాటతో కట్టిపడేశానని పదవీ విరమణ దాకా చెప్పుకున్నాను. నిజానికి నాకు అంత తెలివి లేదు. జవాబుకు గడువు ఇస్తారని తెలుసు, ఆ గడువులో ఇంట్లో కాన్పు అవుతుందని నా ఆలోచన. జవాబులో కాళ్లు పట్టుకొని క్షమాపణ రాద్దామని బడిపంతులును కూడా మాట్లాడి పెట్టుకున్నాను. అధికారిగారి కలం ఎందుకు ఆగిందో, నేను పేష్కారునై ఇంకొకరికి నోటీసు రాయబోయినప్పుడు గానీ నాకు తెలియలేదు.

ఆ తర్వాత ఆయన మా ముందు బీచ్ అనలేదు. ఇసుక అనేవారు. ఆ మాట మాకు మొదటి నుంచీ తెలుసు.

ఉద్యోగంలో కొత్తగా చేరినవాళ్లకు నేను చెప్పేది ఇంతే. నోటితో ఇచ్చిన హుకుం అర్థం కాకపోతే అక్కడే అడగాలి. అడిగే ధైర్యం లేకపోతే, శిక్ష నోటితో వేసినప్పుడు మాత్రం కాగితం అడగాలి. సొంతింటి పనికి ఇచ్చిన హుకుం తాలూకు శిక్ష కాగితం మీదకు రాదు.