భార్గవి రాసుకోమన్న కేసు

నిన్న మధ్యాహ్నం చారుకు తాలింపు వేస్తుంటే కరీముల్లా ఫోన్ చేశాడు.

"ఆంటీ, భార్గవిని కొట్టినారు. తలమీద. మీరు ఆస్పత్రికి రండి."

స్టవ్ ఆపానో లేదో కూడా గుర్తు లేదు.

నేను వెళ్ళేసరికి ఆమె ప్రాణాలతో లేదు.

భార్గవి మా అక్క కూతురు. తిరుపతిలో మా ఇంట్లోనే ఉండి పబ్లిక్ హెల్త్‌లో పీహెచ్‌డీ చేస్తోంది. కరీముల్లా తన బ్యాచ్‌మేట్. అతనిది ల్యాబ్ పని.

మన వాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో ఏవేవో రాస్తున్నారు. అందుకే నాకు తెలిసినంత వరకు వరసగా రాస్తున్నాను. దయచేసి చివరిదాకా చదవండి.

పల్లెల్లో రైతులకు కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయన్నది తన రీసెర్చ్. జబ్బు ఉన్నవాళ్ళ రక్తం, లేనివాళ్ళ రక్తం తీసి పోల్చి చూడాలి. జబ్బు ఉన్న మనిషిని వీళ్ళ చదువులో "కేసు" అంటారు.

ఒకరోజు భోజనాల దగ్గర, "ఈ వారం కేసులే దొరకలేదు చిన్నమ్మా" అంది.

మా వారు పేపర్ దించి, "ప్లీడరు చదువు ఎప్పుడు మొదలుపెట్టినావమ్మా?" అన్నారు.

అందరం నవ్వాం.

"ఊళ్ళో ఆ మాట అననులే చిన్నాయనా. జబ్బు మనిషి అనే అంటాను" అంది.

ఆ రోజు కరీముల్లా కూడా మా ఇంట్లోనే తిన్నాడు. ప్రయోగం అయ్యాక ఎలుకల్ని ఎలా చంపుతారో చెప్పాడు. నొప్పి తెలియకుండా ఒక్కసారిగా మెడ విరవాలట. భార్గవి అన్నం కంచం పక్కకు జరిపింది.

"నువ్వు చేసేది రీసెర్చా, తిరునాళ్ళలో తిరగడమా?" అని అతను ఉడికించాడు.

"నీ ఎలుకకు జబ్బు నువ్వే తెప్పిస్తావు, నువ్వే చంపుతావు. అది ఎప్పుడన్నా 'నా రక్తం నీకెందుకబ్బా' అని అడిగిందా? నన్ను అడుగుతారు. నేను జవాబు చెప్పాల."



ఇప్పుడు నిన్నటి సంగతి.

వడమాలపేట దాటాక ఒక పల్లె. మునెమ్మ అనే ఆవిడ ఇల్లు. కాళ్ళు వాచి మంచంలో ఉంది. భార్గవి అన్నీ వివరంగా చెప్పి, ఆవిడ సరేనన్నాకే రక్తం తీసింది. తర్వాత వాకిట్లోకి వచ్చి ల్యాబ్‌లో ఉన్న కరీముల్లాకు ఫోన్ చేసింది.

"ఈ ఇంట్లో ఒక కేసు ఉండాది. రాసుకో" అంది.

అతనితో మాట్లాడేటప్పుడు అలవాటుగా వచ్చే మాట.

అదే సమయానికి మునెమ్మ భర్త తోట నుంచి వస్తున్నాడు. ఇసుక ట్రాక్టర్ విషయంలో అతని మీద ఇదివరకే పోలీసు కేసు ఉందట. బండి ఇంకా స్టేషన్‌లోనే ఉందట. అతని చెవిన పడింది ఆ ఒక్క మాటే. కేసు రాసుకో.

టమాటా తోటలో నాటే కట్టె అతని చేతిలో ఉంది.

మొదటి దెబ్బ వెనక నుంచి పడింది. పడిపోయాక కూడా కొట్టాడు. ఐస్ పెట్టెను తన్ని, ట్యూబులు కాలితో తొక్కాడు. ఫోన్ ఆన్‌లోనే ఉంది. కరీముల్లా అంతా విన్నాడు.

మునెమ్మ పాకుతూ వచ్చి భార్గవి మీద అడ్డంగా పడుకుందట. అంబులెన్స్‌లో తనతో పాటే వచ్చింది. ఆస్పత్రిలో నేను చూసినప్పుడు ఆవిడ చీర నిండా నెత్తురే.

"నా బాగు కోసరమే వచ్చిందమ్మా ఆ పాప. మా ఇంటాయన పోలీసోళ్ళ మనిషి అనుకున్నాడు" అని తల గోడకేసి కొట్టుకుంది.

నేను ఆవిడను పట్టుకోలేదు. కొట్టుకోనీ అనిపించింది.

ఈ ఉదయం దహనం అయిపోయింది. స్నానాలు కాకముందే భార్గవి తమ్ముడు లోకేశ్, అతని స్నేహితులు బైకులు స్టార్ట్ చేశారు. ఒకడి చేతిలో ఇనుప రాడ్డు, ఇంకొకడి చేతిలో పెట్రోలు క్యాను.

నేను గేటుకు అడ్డంగా నిలబడ్డాను.

"తప్పుకో చిన్నమ్మా. ఆ ఇల్లు తగలబెట్టి వస్తాము."

"వాడు స్టేషన్లో ఉండాడు. ఆ ఇంట్లో ఎవరుండారో తెలుసునా నీకు?"

"ఎవరుంటే మాకేంది?"

"మీ అక్క కేసు ఉండాది రా."

లోకేశ్ బండి దిగలేదు. హ్యాండిల్ మీద తల పెట్టి ఏడ్చాడు. బండి అలా మోగుతూనే ఉంది. చివరికి నేనే తాళం తీశాను.

మిగిలినవాళ్ళు ఇంకా గ్రూపులో "సాయంత్రం పోదాం" అని పెడుతున్నారు. ఈ పోస్ట్ మీ కోసమే.

నాకు కోపం లేదనుకోకండి. వాడి రెండు చేతులూ విరిచేయాలని నాకూ ఉంది. ఇది రాస్తున్నప్పుడు కూడా ఉంది. కానీ మీరు ఆ ఇంటికి వెళితే మీకు దొరికేది లేవలేని మునెమ్మ ఒక్కతే. భార్గవిని దెబ్బలకు అడ్డుపడి కాపాడబోయింది కూడా ఆవిడ ఒక్కతే.

వాడి మీద కేసు పోలీసులు రాశారు. భార్గవి రాసుకోమన్న కేసు మన చేతుల్లో ఉంది.

పగిలిన ట్యూబుల బదులు మళ్ళీ రక్తం ఇస్తానని మునెమ్మే అంది. రేపు నేను, కరీముల్లా వెళ్ళి ఆవిడను ఆస్పత్రికి తీసుకొస్తాం. ఆవిడ ముఖం చూడగలనో లేదో నాకు తెలియదు. అయినా వెళతాను.

పోయిరా భార్గవీ. ఎవరూ చెయ్యెత్తని చోట హాయిగా నిద్రపో తల్లీ.