ఇరవై ఒకటో నంబరు చెట్టు

ఆవిడను అందరూ సుత్తక్క అంటారు. చేతిలో ఎప్పుడూ చెక్కసుత్తి ఉంటుందని కొందరు, చెట్ల సంగతి ఎత్తితే ఇక ఆపదని కొందరు కారణం చెబుతారు. రెండూ నిజమే. పాత కట్టడం పడగొట్టి కొత్తది కట్టాలనుకునే వాళ్లు అనుమతి అడిగే ముందు, అక్కడున్న చెట్లలో ఏది ఉండాలో ఏది పోవాలో తెలిసినవాళ్ల చేత రాయించుకోవాలి. ఇరవై మూడేళ్లుగా ఆవిడ పని అదే. ఛాతీ ఎత్తున మాను చుట్టూ టేపు వేసి కొలుస్తుంది. సుత్తితో నాలుగువైపులా తట్టి చెవి ఆనిస్తుంది. గట్టి మాను ఠక్కుమంటుంది, బోలు మాను డొబ్బుమంటుంది. ఈ అలవాటు ఎంత ముదిరిందంటే, చుట్టాలింటికి వెళ్లినా తలుపు తట్టి "వదినా, చెద పట్టింది" అనేస్తుంది. ఆవిడ వస్తోందని తెలిస్తే కొందరు తలుపులు ముందే తీసి ఉంచుతారు.

ఆవిడకు ఒక్కడే తమ్ముడు. నోట్లో నాలుక లేనివాడు. పదేళ్లప్పుడే తల్లి పోతే అక్కే పెంచింది. ముప్పై దాటినా ఏ పనిలోనూ నిలవకపోతే, పాత గిడ్డంగుల స్థలంలో అంగళ్ల సముదాయం కట్టబోతున్న కంపెనీలో తనే అడిగి పని ఇప్పించింది. వీధి మొదట్లో కుర్చీ వేసుకుని వచ్చేపోయే బండ్లను మీటనొక్కే లెక్కింపు యంత్రంతో లెక్కపెట్టాలి. అక్క మోకాలు నిచ్చెన ఎక్కనివ్వదు కనుక, ఆవిడ చెప్పిన చెట్టుకు చెప్పిన నంబరు రేకు కొట్టడం కూడా వాడి పనే.

గిడ్డంగుల పక్కన బడి వీధి. వీధి పొడవునా ఇరవై రెండు నిద్రగన్నేరు చెట్లు. వారం రోజులు తట్టి, కొలిచి, సుత్తక్క రాసిచ్చింది: పంతొమ్మిది దిట్టంగా ఉన్నాయి, చివరి మూడూ, అంటే ఇరవై, ఇరవై ఒకటి, ఇరవై రెండు, లోపల బోలు, పిల్లలు నడిచే దారి కనుక వెంటనే కొట్టెయ్యాలి. ప్రమాదకరమైన చెట్టు కొట్టడానికి ఎవరి అభ్యంతరాలూ వినక్కర్లేదు. కాగితం ఉంటే చాలు.

నెల తర్వాత, ఒక ఉదయం, బడి కాపలాదారు ఫోన్ చేశాడు.

"అక్కా, నీ చెట్లు కొడుతున్నారు."

"ఆ మూడే కదా. నేనే రాశాను."

"మూడేనమ్మా. కానీ చివరివి కాదు, నడిమధ్యవి. రంపం దిగక పొగొస్తోంది."

బోలు చెట్టుకు రంపం దిగకపోవడమేమిటి? చెప్పుల్లో కాళ్లు పెట్టి ఆటో ఎక్కింది. ఆటో బడి వీధి మలుపులో ఇరుక్కుపోయింది. ముందు బస్సులు, వెనక స్కూటర్లు, సందుల్లో సైకిళ్లు, సంచులు మోసుకుంటూ పిల్లలు. ఈ వీధిలోనే ఉదయం గంటకు ముప్పై ఎనిమిది బండ్లు తిరుగుతాయని కంపెనీ కాగితం పెట్టింది! ఆ అంకె చూపించే కదా తమ పెద్ద గేటు ఇటువైపు పెట్టుకుంటామని అడుగుతోంది! ఆవిడకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆటో దిగి కుంటుకుంటూ నడిచింది.

వీధి మధ్యలో ఒక చెట్టు అప్పటికే పడిపోయింది. మోడు తెల్లగా, అంచు నుంచి నడిబొడ్డు దాకా ఎక్కడా చిన్న తొర్ర లేకుండా మెరుస్తోంది. పక్క చెట్టుకు రంపం ఆనించబోతున్నారు. దాని మీద ఇరవై ఒకటో నంబరు రేకు ఉంది.

"ఆపండి!"

కంపెనీ మేనేజరు చేతిలో కాగితాలతో వచ్చాడు. "మీ రిపోర్టే మేడమ్. ఇరవై ఒకటి బోలు అన్నారు. కింద సంతకం మీదే కదా?"

"సంతకం నాదే. చెట్టు అది కాదు."

"నంబరు అదే చెబుతోంది."

సుత్తక్క ఆ చెట్టు దగ్గరికి నడిచింది. ఛాతీ ఎత్తున టేపు వేసింది. "ఇది రెండు వందల నలభై ఎనిమిది సెంటీమీటర్లు. నీ చేతిలో కాగితం చూడు, ఇరవై ఒకటి ఎంతని రాశాను? నూట డెబ్భై రెండు. నెలలో ఇంత లావెక్కడానికి చెట్టుకేమైనా నీరు పట్టిందనుకున్నావా? ఎవరి చెవిలో పువ్వులు పెడుతున్నావయ్యా?"

రంపంవాళ్లు నవ్వారు. ఆవిడ నవ్వలేదు. కుక్కను చంపాలనుకునేవాడు ముందు దానికి పిచ్చని ముద్ర వేస్తాడు. ఇక్కడ ఆ ముద్ర ఆవిడ రిపోర్టు. మూడు చెట్లు పోతే సరిగ్గా గేటుకు సరిపడా జాగా వస్తుంది. చివర్న బోలు చెట్లు మూడూ పిల్లల నెత్తి మీద అలాగే నిలబడి ఉన్నాయి. మేనేజరు ఫోన్ చెవికి పెట్టుకుని పక్కకు జరిగాడు.

అప్పుడు కనిపించాడు తమ్ముడు, మోడు వెనక, తల వంచుకుని.

"నువ్వేనా రేకులు మార్చింది?"

"లెక్క అటువైపు నుంచి మొదలుపెడుతున్నామన్నారక్కా. నీకు చెప్పామన్నారు."

"లెక్క తిరగేస్తే మూడే మారతాయా? మిగతా పంతొమ్మిదీ ఏ వైపు లెక్కో అడగలేదా?"

వాడు జేబులోంచి లెక్కింపు యంత్రం తీసి, ఊరికే మీట నొక్కాడు.

"బండ్లు ఎప్పుడు లెక్కపెట్టావురా?"

"వాళ్లు కూర్చోమన్న రోజుల్లోనే."

"ఏ రోజుల్లో?"

"బడి సెలవుల్లో." తర్వాత గబగబా అన్నాడు, "ఒక్క బండి కూడా తప్పు లెక్కపెట్టలేదక్కా. ఒట్టు."

తాటిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసం అన్నాడట వెనకటికొకడు. ఆవిడకు వాడి చెంప పగలగొట్టాలనిపించింది. కంపెనీ మోసం ఆవిడకు కొత్త కాదు, ఇలాంటి మేనేజర్లను పదిమందిని చూసింది. కానీ రేకులో ఆ మేకు దిగగొట్టింది తను పెంచిన చెయ్యి. కంచే చేను మేసింది. 

సంచిలోంచి కొత్త ఫారం తీసింది. ఇప్పుడు రాసిచ్చేది నేరుగా నగరపాలక కార్యాలయానికి వెళుతుంది. చెట్ల నంబర్లు ఎలా తారుమారయ్యాయో అందులో రాయకపోతే, తప్పు కొలతలో జరిగిందంటారు, మిగతా చెట్లకూ ఆవిడ మాట చెల్లదు. రాస్తే తమ్ముడి ఉద్యోగం ఈరోజుతో సరి. కేసు కూడా పెట్టవచ్చు.

వాడికీ అర్థమైంది. "నా పేరు రాస్తావా అక్కా?"

"టేపు పట్టుకో."

వాడు టేపు అందుకుని, అలవాటుగా, కూలిన చెట్టు మోడు దగ్గర ఛాతీ ఎత్తున పట్టుకున్నాడు. ఆ ఎత్తున కొలవడానికి ఏమీ లేదు. చేతులు గాలిలోనే ఉండిపోయాయి. బడి గంట కొట్టారు.

"కిందికి దించరా," అంది ఆవిడ. "మోడు చుట్టూ వెయ్యి."

వాడు మోకాళ్ల మీద కూర్చుని కొలిచి అంకె చెప్పాడు. ఆవిడ అంకె రాసింది. దాని కింద 'లోపల గట్టి' అని రాసింది. ఆ కింద 'రేకు మార్చినవాడు' అని రాసి, తమ్ముడి పేరు ఇంటిపేరుతో సహా రాసింది. అది తన పుట్టింటి పేరే.