సొంత మాటకు మార్కు లేదు

రత్నాకర్ మీద నాకున్న కోపం ఈ జన్మకు పోయేది కాదు. అయినా నా దుకాణంలో రోజూ కూర్చుని టీ తాగే మనిషి అతనొక్కడే కనుక, అతని గురించి రాయాలంటే నేనే రాయాలి. నా పేరు రాఘవేందర్. మొయినాబాద్ చౌరస్తా దగ్గర పుస్తకాలు, పెన్నులు, జిరాక్సు. మావాళ్ళంతా కిరాణా వ్యాపారంలో స్థిరపడితే నేనొక్కణ్ణి కాగితాల్లో పడ్డాను. రత్నాకర్ నన్ను సేటు అంటాడు, నేను అతన్ని సార్ అంటాను. చిన్నప్పుడు ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్ళం, ఆ పిలుపుల్లో ఉన్నదంతా ఎగతాళే.

వాళ్ళది సురంగల్. చేవెళ్ళలో ఒక ప్రైవేటు బడిలో సోషల్ చెబుతాడు. కానీ చుట్టుపక్కల అతనికి పేరొచ్చింది బడి వల్ల కాదు, చర్చిలో పిల్లలకు పెట్టే బైబిలు వాక్యాల పోటీ వల్ల. పిల్లలు వాక్యాలు కంఠతా పట్టి, అందరి ముందూ నిలబడి అప్పజెప్పాలి. జడ్జి ఎప్పుడూ రత్నాకరే. ఒక మాట మరిచిపోతే అర మార్కు పోతుంది. లేని మాట కలిపితే మార్కు మొత్తం పోతుంది. అదేం లెక్కయ్యా అని నేనడిగితే, "మరుస్తే పాపం మరిచిండనుకోవచ్చు సేటు. కలిపిండంటే పొగరే గదా" అన్నాడు.

బహుమతుల పెన్నులు నా దుకాణం నుంచే పోతాయి కనుక ఒకసారి నేనూ వెళ్ళి వెనక వరసలో కూర్చున్నాను. ఆ రోజు రత్నాకర్ ఒక్కగానొక్క కూతురు జెన్నీ లేచింది. అప్పటికింకా చిన్నపిల్ల, రెండు జడలు, కొత్త గౌను. వాక్యంలో 'పొలము' అని ఉన్న చోట ఆ పిల్ల 'మా పొలము' అనేసింది. అందరూ నవ్వారు. ముందు వరసలో ఉన్న వాళ్ళ నాయనమ్మ ధనమ్మ అయితే మురిసిపోయింది. రత్నాకర్ మాత్రం నవ్వలేదు. మార్కు కొట్టేసి, "ఉన్నది ఉన్నట్టు చెప్పాలె బిడ్డా. సొంత మాట కలపొద్దు" అన్నాడు. పిల్ల తల ఊపి, మళ్ళీ మొదటి నుంచి తప్పు లేకుండా చెప్పింది. తర్వాత ఏడాది నుంచీ మొదటి బహుమతి జెన్నీదే.

ఆ పిల్ల ఈమధ్య ఇంటర్ పాసయింది. పట్నం అవతల ఒక కాలేజీ ఉందట. ఫీజు లేదు, హాస్టల్ ఖర్చు లేదు, అన్నీ వాళ్ళే చూసుకుంటారు. తీసుకునేది మాత్రం కొద్దిమందినే. అందుకు పెట్టే పరీక్ష ఒక్కటే, లోకజ్ఞానం మీద ఒక పెద్ద వ్యాసం. తెలుగులోనైనా రాయొచ్చు. ఆ సంగతి తెలిసిన రోజు రత్నాకర్ చేవెళ్ళ బస్సు దిగి నేరుగా నా దుకాణానికి వచ్చాడు.

"సేటు, జనరల్ వ్యాసాల గైడ్లు ఎన్నున్నయో అన్నీ తియ్యి" అన్నాడు.

"అన్నీ ఒకటే సరుకు సార్. అట్టలే వేరు."

"తియ్యవయ్యా. ఈ సీటు రావాలె."

ఎందుకు రావాలో నాకు తెలుసు. అతని భార్య కృపాజ్యోతి వాళ్ళ ఊరి పొలాలు కొని ప్లాట్లు వేసిన వెంచర్‌లో ఒక ఫామ్‌హౌస్‌లో పనికి పోతుంది. ఊడవడం, తుడవడం, శనాదివారాలు చుట్టాలొస్తే వంట. ఆ ఇంటావిడ అప్పటికే, "మీ పాప చదువు అయిపోయిందిగా, తనను కూడా తీసుకురా" అని రెండు మూడుసార్లు అన్నదట. మర్యాదగానే అన్నది. ఆ మర్యాదే రత్నాకర్‌కు నిద్ర పట్టనివ్వలేదు. సీటు వస్తే కాలేజీ, రాకపోతే తల్లి వెనకాలే ఆ గేటు లోపలికి.

అతనికి తెలిసిన చదువు ఒక్కటే, కంఠతా పట్టించడం. తప్పు పట్టలేం, దానితోనే ఎంతమంది పిల్లలకో బహుమతులు ఇప్పించాడు. పర్యావరణం, పట్టణీకరణ, మహిళా సాధికారత, సెల్‌ఫోను లాభనష్టాలు, ఇలా వ్యాసాలన్నీ గైడ్లలోంచి ఏరి, పొద్దున ప్రార్థన కాగానే ఆ పిల్లను నిలబెట్టి అప్పజెప్పించుకునేవాడు. సాయంత్రం నా దుకాణంలో మరోసారి. జిరాక్స్ మిషను పక్కన నిలబడి ఆ పిల్ల పట్టణీకరణ మొత్తం ఊపిరి తీసుకోకుండా చెబుతుంటే, గిరాకీలు చిల్లర తీసుకోవడం మరిచిపోయి వినేవాళ్ళు.

ఒకరోజు నాకు విసుగొచ్చి మధ్యలో ఆపాను. "జెన్నీ, ఇదంత సరే. పట్టణాలు పెరుగుడు మంచిదా కాదా, నీకేమనిపిస్తది?"

ఆ పిల్ల వాళ్ళ నాన్న వైపు చూసింది.

"ఆయన్నెందుకు చూస్తవు? అడిగింది నిన్ను."

"లాస్ట్ పేరాల ఉన్నది అంకుల్. ఇంకా అక్కడిదాక రాలే" అన్నది.

నాకు నవ్వొచ్చింది. ఇప్పుడు తలుచుకుంటే రాదు.

తర్వాత కాలేజీ వాళ్ళు ఫోనుకు ఒక నమూనా ప్రశ్న, కొన్ని సూచనలు పంపారు. రత్నాకర్ దాన్ని నా దగ్గరే ప్రింటు తీయించి, అక్కడే నిలబడి చదివాడు. చదివిన కొద్దీ అతని ముఖం పాలిపోయింది. బట్టీ పట్టిన వ్యాసాలు వద్దట. రెండు వైపులా ఆలోచించి, విద్యార్థి తన సొంత అభిప్రాయం రాయాలట.

"సొంత అభిప్రాయమంటే ఎట్ల నేర్పుతరు సేటు?" అన్నాడు.

నిజం చెబుతున్నాను, నాకూ తెలియదు. నా దుకాణంలో అన్నిటికీ గైడ్లున్నాయి, దానికి లేదు. ఫోనులో ఒక వీడియో పెట్టుకుని ఇద్దరం చూశాం. ఎవరో కుర్రవాడు చేతులు ఊపుతూ క్రిటికల్ థింకింగ్ అన్నాడు, ఫ్రేమ్‌వర్క్ అన్నాడు, మిగతాది తెలుసుకోవాలంటే కోర్సులో చేరమన్నాడు. రత్నాకర్ ఫోను కట్టేసి చాలాసేపు రోడ్డు మీద పోయే బస్సులు చూస్తూ కూర్చున్నాడు. అంత దిక్కు తోచని మనిషిని నేనెప్పుడూ చూడలేదు.

మర్నాటి నుంచి అతను చేసిన పని వింటే మీకు నవ్వొస్తుంది. ప్రతి విషయం మీదా జెన్నీకి ఏ అభిప్రాయం ఉండాలో తనే కూర్చుని రాశాడు. 'ఒక గ్రామీణ విద్యార్థినిగా నా సొంత అభిప్రాయం ఏమనగా' అని మొదలుపెట్టి చక్కటి దస్తూరితో రాసి, ఆ పిల్లకు ఇచ్చి కంఠతా పట్టమన్నాడు. ఆ పిల్ల పట్టింది. తన సొంత అభిప్రాయాన్ని ఒక్క మాట పోకుండా వాళ్ళ నాన్నకు అప్పజెప్పింది.

"నీకు మతి ఉన్నదా సార్? అవి నీ అభిప్రాయాలు" అని అరిచాను.

"మరి దానికేం తెలుసు సేటు? చిన్నపిల్ల."

దానికేం తెలుసో ఆ వారంలోనే నా కళ్ళతో చూశాను. వెంచర్ ఏజెంటు ఒకడు బ్రోచర్లు జిరాక్స్ తీయించుకోవడానికి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చెవిలో బ్లూటూత్. జెన్నీ సురంగల్ పిల్ల అని తెలిసి, "మేమొచ్చినంకనే కదమ్మా మీ ఊళ్ళు బాగుపడ్డయి" అన్నాడు. వాళ్ళ పొలం ఎక్కడుందో అతనికి తెలియదు. ధనమ్మ ఇప్పటికీ పాలకూర, కొత్తిమీర పండించే ఆ పొలం చెక్క చుట్టూ మూడు వైపులా ఆ వెంచర్ గోడే.

జెన్నీ కోపం తెచ్చుకోలేదు. మామూలుగానే మాట్లాడింది.

"కొంత బాగుపడ్డయి సార్, అబద్ధమెందుకు? మా అమ్మ మీ వెంచర్లనే పనిచేస్తది. ఆ జీతంతోనే నేను ఇంటర్ చదివిన. కాని మీ గోడ కట్టినంక బాట బందయింది. మా నాయనమ్మ పొలానికి పోవాలంటె ఊరంత తిరిగి పోవాలె. కూర తెంపుకొని వచ్చేటాలకు ఎండకు వాడిపోతున్నది. వాడిన కూర ఎవరు కొంటరు సార్? మా శాంసన్ అన్న మీ గేటు కాడ సెక్యూరిటీ. ఆ గేటున్న జాగ ఒకప్పుడు వాళ్ళదే. ఇప్పుడు ఆయన కారొస్తే గేటు తీస్తడు, సలాం కొడతడు. ఎట్లున్నవన్నా అంటే మంచిగున్న అని నవ్వుతడు. అది సంతోషమో కాదో నాకైతే సమజ్ కాదు."

ఏజెంటు, "మస్తు మాట్లాడుతవు పాప" అని కాగితాలు తీసుకుని వెళ్ళిపోయాడు. నేను వెనక్కి తిరిగాను. రత్నాకర్ అక్కడే స్టూలు మీద కూర్చుని ఉన్నాడు.

"విన్నవా సార్? గిదే రాయమను. రెండు పక్కలా చెప్పింది గదా!"

"అది ముచ్చట సేటు" అన్నాడు. "వ్యాసం కాదు. మా ఇంటి కూర వాడిందని రాస్తే సీటిస్తరా? పేపర్ దిద్దేటోళ్ళు పెద్ద చదువులోళ్ళు. జర ఆలోచించు."

ఆలోచించాను. పేపరు దిద్దేవాళ్ళను నేనూ ఎప్పుడూ చూడలేదు. గట్టిగా వాదించడానికి నా దగ్గర మాత్రం ఏముంది? రేపు నా మాట విని పిల్ల సీటు పోగొట్టుకుంటే ఏ ముఖం పెట్టుకుని చూస్తాను? ఊరుకున్నాను. జెన్నీ మళ్ళీ మిషను పక్కన నిలబడి మహిళా సాధికారత అందుకుంది.

పరీక్ష రోజు నా కారులోనే తీసుకెళ్ళాను. కృపాజ్యోతికి సెలవు దొరకలేదు. పొద్దున బయలుదేరేటప్పుడు ధనమ్మ మనవరాలి నెత్తి మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసింది. దారి పొడుగునా జెన్నీ కళ్ళు మూసుకుని పెదవులు కదుపుతూనే ఉంది. వెనక సీట్లో ఆమె పక్కన కూర్చున్న రత్నాకర్, చేతిలో కాగితాలు పెట్టుకుని ఆమె పెదవులనే చూస్తున్నాడు.

పరీక్ష జరిగే చోట గేటు బయట ఒక్క చెట్టయినా లేదు. కారు నీడలో ఇద్దరం నిలబడ్డాం. రత్నాకర్ ఏమీ తినలేదు, నన్ను తిననివ్వలేదు. పిల్లలు రావడం మొదలయ్యాక జెన్నీ కూడా వచ్చింది, ముఖం తేటగా, నవ్వుతూ. ప్రశ్నాపత్రం వాళ్ళ నాన్న చేతిలో పెట్టింది. అతని భుజం మీదుగా నేనూ చదివాను.

నగరానికి పక్కన ఉన్న పల్లెల్లో సాగు భూములు ఇళ్ళ స్థలాలుగా మారుతున్నాయి, దీనివల్ల అక్కడి వారికి మేలు ఎక్కువా, కీడు ఎక్కువా, రెండు వైపులా చర్చించి మీకు తెలిసిన ఉదాహరణలతో మీ అభిప్రాయం రాయండి. అంతే ప్రశ్న.

నేను గట్టిగా చప్పట్లు కొట్టాను. చుట్టూ ఉన్న తల్లిదండ్రులు నా వైపు తిరిగి చూశారు. "బిడ్డా, నీ కోసమే ఇచ్చిండ్రు గదనే ఇది! మస్తు రాసి ఉంటవు!"

"రాసిన అంకుల్" అన్నది జెన్నీ. "అచ్చం ఇదే టాపిక్ మనం ప్రిపేర్ కాలేదు బాపు. కాని భయపడలే. పర్యావరణం నుంచి సగం, పట్టణీకరణ నుంచి సగం తీసుకొని కలిపిన. లాస్ట్‌ల నువ్వు రాసిచ్చిన సొంత అభిప్రాయం పెట్టిన. ఒక్క మాట పోలేదు."

"మరి నాయనమ్మ కూర?" అన్నాను. "గోడ? శాంసన్?"

"అదే ముందు యాదికొచ్చింది అంకుల్. 'మా పొలం' అని మొదలుపెట్టి ఒక పేరా రాసిన కూడ." ఆ పిల్ల నా వైపు కాదు, వాళ్ళ నాన్న వైపు చూసి, తను చేసిన మంచి పని చెప్పుకుంటున్నట్టు చెప్పింది. "మళ్ళ కొట్టేసిన. సొంత మాట గదా బాపు, మార్కు పోతదని."

రత్నాకర్ ఆ కాగితాన్ని మడిచాడు, మళ్ళీ విప్పాడు, మళ్ళీ మడిచాడు. నాకు అతన్ని తిట్టాలనిపించింది. కానీ ఆ మనిషి ముఖం చూస్తే తిట్టడానికి నాకేమీ మిగల్లేదు.

ఆ తర్వాత ఫలితాలొచ్చాయి, జెన్నీ పేరు రాలేదు. ఇప్పుడు పొద్దున్నే తల్లీ కూతుళ్ళిద్దరూ కలిసి వెళ్తారు, శాంసన్ గేటు తీస్తాడు. రత్నాకర్ టీకి వస్తూనే ఉన్నాడు, వాక్యాల పోటీకి ఈసారి జడ్జిగా ఉండనని చెప్పేశాడు. అవన్నీ అందరికీ తెలిసినవే. మా ముగ్గురికి తప్ప ఎవరికీ తెలియనిది ఆ రోజు తిరిగి వచ్చే దారిలో జరిగింది.

మొయినాబాద్ ఇంకా కొంత దూరం ఉందనగా రత్నాకర్ ముందు సీట్లోంచి వెనక్కి తిరిగి, "బిడ్డా, ఆ కొట్టేసిన పేరా ఉన్నది గదా. అండ్ల ఏం రాసినవో జర చెప్పు" అన్నాడు.

జెన్నీ ఒక్క క్షణం తడబడింది. అప్పజెప్పడానికి అలవాటైన పిల్ల, సీట్లో నిటారుగా కూర్చుంది. "మా పొలం చుట్టు మూడు దిక్కుల గోడ ఉన్నది" అని మొదలుపెట్టింది. నాయనమ్మ నడిచే దూరం చెప్పింది, వాడిన పాలకూర చెప్పింది, అమ్మ జీతం రోజు ఇంట్లో చేసుకునే కోడికూర చెప్పింది, శాంసన్ నవ్వు చెప్పింది. రోడ్డు నాకు సరిగా కనబడటం మానేసింది, కారు పక్కకు తీసి ఆపాను.

చెప్పడం అయిపోయింది. రత్నాకర్ ముందుకు తిరిగిపోయాడు. పరీక్ష హాల్లో నుంచి నవ్వుతూ వచ్చిన పిల్ల ముఖంలో అప్పుడు, ఆ రోజుకి మొదటిసారి, భయం కనిపించింది.

"కరెక్టే చెప్పిన్నా బాపు?" అని అడిగింది.

ఇన్నేళ్ళూ ఎంతమంది పిల్లలకో ఒప్పో తప్పో చెప్పిన మనిషి, తలుపు తీసుకుని కారు దిగిపోయాడు.