రెండు ముప్పైలు

మా చెల్లెలి కూతురికి ఊపిరి అందడం లేదని మాచర్లలో వాళ్ల వీధి వీధంతా తెలుసు. ఎందుకు అందడం లేదో మాత్రం ఒక్కరికీ తెలియదు. తెలియకపోతే నోరు మూసుకుని కూర్చునే అలవాటు మా వైపు ఎవరికుంది? తలా ఒక మందు చెప్పారు.

పిల్లకు ఇరవై రెండేళ్లు. డిగ్రీ అయిపోయింది, కానిస్టేబుల్ ఉద్యోగానికి రాతపరీక్ష పాసయింది. ఇక మిగిలింది పరుగు. పెట్టిన టైములోగా గ్రౌండు చుట్టూ పరిగెత్తి గీత దాటితే ఉద్యోగం దాదాపు చేతికొచ్చినట్టే. దాటలేకపోతే ఇన్నాళ్లు చదివిందంతా కృష్ణలో కలిపినట్టే. రోజూ పొద్దున్నే కాలేజీ గ్రౌండుకు వెళ్లి పరిగెత్తేది. మొదట్లో బాగానే ఉంది. కొన్నాళ్లకు సగం దూరం పోయేసరికి గుండెల మీద చెయ్యేసుకుని కూలబడిపోవడం మొదలుపెట్టింది.

మా మరిదికి ఎరువుల కొట్టు ఉంది. రైతు వచ్చి పైరుకు తెగులంటే చాలు, ఆకు తిప్పి చూడకుండానే డబ్బా చేతిలో పెట్టే మనిషి. కూతురి విషయంలోనూ అదే పని చేశాడు. నీరసం అన్నాడు. నాటుకోడి గుడ్లు, బాదంపప్పు, పూటకో చెంబెడు రాగి జావ. మా చెల్లెలు దిష్టి అంది. ఎండుమిరపకాయలకు పల్నాట్లో కరువా? గుప్పెళ్లకు గుప్పెళ్లు తిప్పి పొయ్యిలో వేసింది. ఆ కోరు ఘాటుకు ఇల్లంతా దగ్గి చచ్చింది తప్ప పిల్లకు ఊపిరి రాలేదు. తర్వాత తాయెత్తు కట్టించింది. ఎదురింటి ఆంటీ చర్చిలో ప్రార్థన చేయించిన నూనె తెచ్చి నుదుటికి రాసింది. ఉన్నవాళ్లలో ఆవిడే నయం. "ఎక్కడ పట్టేసిందమ్మా?" అని ఒక్క మాటైనా అడిగింది. పిల్ల నోరు తెరిచేలోగా మా చెల్లెలే "గాలండీ, ఉత్త గాలి" అని అడ్డం పడింది.

చివరికి గుండె డాక్టరుకు చూపించాలని తల్లీకూతుళ్లు నరసరావుపేటలో నా దగ్గరికి వచ్చారు. నేను కోర్టులో టైపిస్టుని. ఒక్కదాన్నే ఉంటాను. రోజంతా జనం ప్రమాణం చేసి చెప్పే అబద్ధాలు టైపు చేసీ చేసీ, ఎవరైనా అడక్కముందే సమాధానం చెబితే నాకు అనుమానం వస్తుంది. ఫోనులో నాతోనూ "గాలి" అన్నప్పుడే మా చెల్లెల్ని నిలదీసి ఉండాల్సింది.

ఆస్పత్రిలో ఈసీజీ తీసే నర్సు లోపలివి విప్పి రమ్మంది. విప్పినవి విప్పినట్టే మా చెల్లెలు హ్యాండుబ్యాగులో కుక్కేసి జిప్పు లాగేసింది. తీస్తే గుండె భేషుగ్గా ఉంది. ఎందుకుండదు, అసలు రోగం హ్యాండుబ్యాగులో ఉంటే! డాక్టరు ఆ కాగితం చూసి, పిల్ల మొహం కూడా చూడకుండా, "భయం తగ్గించుకోవాలమ్మా" అని ఒక టానిక్ రాసిచ్చాడు. అంత పెద్ద చదువు చదివిన మనిషికి రోగమేమిటో చెప్పడం రాకపోతే రోగికి భయమని చెప్పడం భలే తేలిక.

ఇంటికొచ్చాక పిల్ల బట్టలు మార్చుకోవడానికి లోపలి గదిలోకి వెళ్లింది. ఉతికిన నైటీ ఇద్దామని నేను వెనకే వెళ్లాను. వీపు నా వైపు ఉంది. వీపు మీద ఒక పట్టీ, ఆ పట్టీ మీద ఇంకో పట్టీ. రెండూ కండలోకి దిగబడి ఉన్నాయి. ఆస్పత్రిలోనే మళ్లీ తొడిగించి తీసుకొచ్చింది మా చెల్లెలు మహాతల్లి.

"ఏందే ఇది?"

పిల్ల చున్నీ లాక్కుంది. "ఏం లేదు పెద్దమ్మా."

"ఏం లేకపోవడమేంది? రెండేసుకున్నావేంది?"

"ఒకటేసుకుంటే పరిగెత్తేటప్పుడు ఆగదు పెద్దమ్మా. గ్రౌండులో మగపిల్లలు చూసి నవ్వారు. అమ్మకు చెప్తే ఒకదాని మీద ఒకటి ఏసుకో, బిగిచ్చి కట్టినట్టు ఉండిద్ది, ఎవరికీ కనపడదు అంది."

"ఏ నంబరు?"

"రెండూ ముప్పయ్యే."

విప్పమన్నాను. పక్కటెముకల చుట్టూ ఎర్రటి వాతలు, చంక కింద తోలు లేచిపోయిన చోట పచ్చిపుండు. గడ్డివాముకు తాడు బిగించినట్టు పిల్లను బిగించి, దాని చేత రాగి జావ తాగించి, పరిగెత్తలేదేమని గుళ్లూ ఆస్పత్రులూ తిప్పుతున్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. చెల్లెల్ని కేకేశాను.

"ఏమే, ముప్పై అని నీకెవరు చెప్పారే? కొలిచావా?"

"కొలిచేదేందక్కా, సిగ్గు లేకుండా! నాది ముప్పై రెండు. పెళ్లికాని పిల్లకి నాకంటే పెద్ద నంబరు కొంటారా ఎక్కడైనా? కొట్టతను ఏమనుకుంటాడు?"

అదీ సంగతి. మా ఇళ్లలో బ్రా నంబరు కూడా వావివరసల ప్రకారమే. అమ్మ కంటే కూతురిది తక్కువుండాలి, అక్క కంటే చెల్లెలిది తక్కువుండాలి. పెళ్లయితే ఒక మెట్టెక్కొచ్చు, పిల్లలు పుడితే ఇంకొకటి. ఒంటితో నిమిత్తం లేదు.

"చెప్పులు నీకంటే పెద్దవి కొన్నావు గదే దీనికి! అప్పుడు కొట్టతను ఏమీ అనుకోలేదా?" అన్నాను.

"చెప్పులూ ఇదీ ఒకటా?" అని మూతి తిప్పుకుంది. 

దాన్ని అని ఏం లాభం, మా అమ్మ దొడ్లో పెరిగిందే కదా. మా అమ్మ దండెం మీద ముందు బాడీ ఆరేసేది, దాని మీద లంగా కప్పేది, లంగా మీద తువ్వాలు. కళ్లంలో పోసిన మిరపకాయలు గలగలమని ఎండిపోయే ఊళ్లో ఆ ఒక్క గుడ్డకు మాత్రం ఎండ తగలకూడదు. ఉద్యోగంలో చేరి వేరే గది తీసుకున్నాక నేను చేసిన మొదటి పని ఆ తువ్వాలు తీసెయ్యడం. "మగపిల్లలు తిరిగే ఇల్లమ్మా" అని ఇంటిగలావిడ నసిగింది. "మీ మగపిల్లల బనీన్లు నేనూ రోజూ చూస్తన్నా పిన్నిగారూ, నాకేం కాలా" అన్నాను. మళ్లీ ఆ ఊసెత్తలేదు. మా చెల్లెలు మాత్రం ఇప్పటికీ లంగా కిందే ఆరేస్తుంది. చీటికీ మాటికీ చంకల కింద పౌడరు గుమ్మరించుకుంటుంది. ఏమిటే అంటే ఉక్కపోత అంటుంది, డిసెంబరులో కూడా.

టేపు తీశాను. భుజాలు కోసుకుపోయి, మెడనొప్పికి ఏళ్ల తరబడి మాత్రలు మింగి, చివరికి ఫోనులో వీడియోలు చూసి నేర్చుకున్న విద్య ఇది. బ్రహ్మవిద్యేమీ కాదు. రొమ్ముల కింద, పక్కటెముకల చుట్టూ టేపు కాస్త ఆనించి కొలవాలి. అది నంబరు. తర్వాత బాగా ఎత్తుగా ఉన్నచోట వదులుగా కొలవాలి. రెంటికీ తేడా ఎన్ని అంగుళాలో చూస్తే అక్షరం తెలుస్తుంది. అంగుళానికో అక్షరం. పిల్లకు కింద ముప్పై నాలుగొచ్చింది, పైన ముప్పై ఎనిమిది. నాలుగంగుళాల తేడా అంటే డీ. బరువు మొయ్యాల్సింది కింది పట్టీ, భుజాల మీది వార్లు కాదు. ఆ పట్టీ ఒంటికి అంటుకుని ఉండాలి, అయినా రెండు వేళ్లు దూరాలి. ఇంతే. ఇంతోటి దానికి ఈ దేశంలో తల్లి కూతురికి చెప్పదు, కొట్టువాడు కొనేవాళ్లకు చెప్పడు.

"ముప్పై నాలుగా!" అని మా చెల్లెలు గుండె బాదుకుంది. పిల్లకు గుండె జబ్బని చెప్పినా అంత బాధపడేది కాదేమో.

సాయంత్రం ముగ్గురం బజారుకు వెళ్లాం. మొదటి కొట్లో అద్దాల బల్ల వెనక ఒక పెద్దమనిషి ఉన్నాడు. నేను నోరు విప్పకముందే పిల్లను ఎగాదిగా చూసి "ముప్పై రెండు సరిపోద్దమ్మా" అన్నాడు. టేపులెందుకు, ఈయన కళ్లుండగా! మా చెల్లెలు గుమ్మం బయటే, రోడ్డు వైపు తిరిగి, గాజులు చూస్తున్నట్టు నటిస్తోంది. అవతల ఉన్నది మందుల షాపు. అక్కడ గాజులే లేవు.

"ముప్పై నాలుగు డీ కావాలి. పరుగుకి వేసుకునేది."

"డీలు రావమ్మా. మన పేటలో అందరిదీ బీయే."

"పేట ఆడోళ్లందరినీ ఒకే అచ్చులో పోశారా అయ్యా?"

"ఇది తీసుకోండి, సాగుద్ది" అని ఒకటి తీసి రెండు చేతులా లాగి చూపించాడు.

"నువ్వు లాగితే సాగుద్ది. పిల్ల పరిగెత్తేటప్పుడు పక్కనే లాగుతా పరిగెత్తుతావా?"

పక్కన చీరకు ఫాల్ కొనుక్కుంటున్న ఆవిడ పకపకా నవ్వింది. ఆయన మొహం మాడ్చుకుని వేరే బేరం చూసుకున్నాడు. రెండో కొట్లో అమ్మే అమ్మాయి లేసులున్నవి, మెత్తలు పెట్టినవి బల్లనిండా పరిచింది. ఇవి వేసుకుని పెళ్లికి వెళ్లొచ్చు గానీ పరుగుకు పనికిరావన్నాను. అప్పుడు గంజి పెట్టినట్టుండే ఒక గొట్టం లాంటిది తెచ్చింది. అది రెంటినీ కలిపి నొక్కేస్తుంది. ఇప్పటిదాకా నొక్కింది చాలు, రెండు వైపులా విడివిడిగా పట్టి ఉంచేది, వార్లు వెడల్పుగా ఉండేది కావాలన్నాను. లోపలికి వెళ్లి, దుమ్ము పట్టిన అట్టపెట్టె ఒకటి తెచ్చింది.

"ఎప్పుడో వచ్చిందండీ. ఎవరూ అడగరు."

"అడగనిస్తేగా!"

వేసుకుని చూసే వీలు లేదంది. అయితే కొనే వీలు కూడా లేదన్నాను. చివరికి చీరల పెట్టెలు పేర్చిన గదిలోకి పంపింది. పిల్ల చివరి హుక్కుకు తగిలించుకుంది. కొత్తది వదులు హుక్కుకే సరిపోవాలి, సాగాక లోపలివి ఉంటాయి. చేతులెత్తమన్నాను. పట్టీ పైకి పాకలేదు. ఎగరమన్నాను. మొదట సిగ్గుపడింది, తర్వాత ఎగిరింది. మళ్లీ ఎగిరింది. పెట్టెలు కదిలేలాగ ఎగిరి, ఆగి, నిండుగా ఊపిరి పీల్చుకుంది.

"పెద్దమ్మా, మొత్తం లోపలికి పోతంది" అంది. కళ్లలో నీళ్లు తిరిగాయి దానికి. నాకూ తిరిగాయి, అబద్ధమెందుకు.

అమ్మాయి దాన్ని పేపర్లో చుట్టి, నల్ల కవర్లో పెట్టి, ఆ కవరు ఇంకో కవర్లో పెట్టిచ్చింది. బాంబు అమ్ముతున్నా అంత జాగ్రత్త ఉండదు.

పరుగు రోజున సెలవు పెట్టి నేనూ వెళ్లాను. పరేడ్ గ్రౌండు గేటు బయట మమ్మల్ని ఆపేశారు. లోపల ఏం జరుగుతోందో కనపడదు, ఈల మాత్రం వినపడుతుంది. మా మరిది ఫ్లాస్కులో జావ పట్టుకుని నిలబడ్డాడు. మా చెల్లెలు కళ్లు మూసుకుని ఏదో గొణుక్కుంటోంది. ఆ గేటులోంచి ఏడ్చుకుంటూ వచ్చే పిల్లలు వస్తూనే ఉన్నారు. చాలాసేపటికి మా పిల్ల వచ్చింది. చెమటతో తడిసి ముద్దయింది, కానీ వంగి రాలేదు. ఎప్పుడూ భుజాలు ముడుచుకుని నడిచే పిల్ల నిటారుగా నడిచొచ్చింది.

"దాటాను నాన్నా. ఇంకా టైము మిగిలింది" అంది.

మర్నాడు మాచర్లలో ఇల్లంతా సందడి. వాకిట్లో కుర్చీలు, అందరి చేతుల్లో లడ్లు. "రాగి జావ ఊరికే పోద్దా!" అని మా మరిది. "తాయెత్తు మహిమండీ" అని మా చెల్లెలు. ఎదురింటి ఆంటీ ప్రభువుకు స్తోత్రం చెప్పింది. నేను లడ్డూ నోట్లో కుక్కుకుని కూర్చున్నాను, లేకపోతే నోరు ఊరుకునేది కాదు.

పిల్ల దొడ్లోంచి బకెట్టు తెచ్చింది. వాకిట్లో దండెం మీద, వాళ్ల నాన్న లుంగీ పక్కన, ఉతికిన బ్రా ఆరేసి రెండు క్లిప్పులు పెట్టింది.

"నేను పరిగెత్తింది దీనివల్ల నాన్నా. అంతకుముందు రెండు ముప్పైలు బిగిచ్చుకుని చచ్చాను. నాకు ఊపిరాడంది అందుకే" అంది, అందరికీ వినపడేట్టు.

మా మరిది దండెం వంక చూశాడు, కూతురి వంక చూశాడు. "మరి ముందే చెప్పలేదేందే?" అన్నాడు. పిల్ల వాళ్లమ్మ వంక చూసింది. ఆయన కొట్టు తాళాలు తీసుకుని వెళ్లిపోయాడు. జనం ఒక్కొక్కరే లేచారు.

వాకిలి ఖాళీ అవగానే మా చెల్లెలు తువ్వాలు పట్టుకుని దండెం దగ్గరికి పరిగెత్తింది. 

"కప్పబాకమ్మా. చెమ్మ ఉంటే మళ్లీ ఒరుసుకుపోద్ది. ఆ పుండు ఇప్పుడిప్పుడే మానతంది" అంది పిల్ల.

నేను అందుకుందామని నోరు తెరిచాను. మా చెల్లెలి మొహం చూసి ఆగాను. అది తువ్వాలు భుజాన వేసుకుంది. తర్వాత దొడ్లోకి వెళ్లింది. తిరిగొచ్చేటప్పుడు చేతిలో తనది ఉంది, ముప్పై రెండు, నిన్న ఉతికి లంగా కింద ఆరేసింది. దాన్ని కూతురి దాని పక్కన ఎండలో వేసింది. క్లిప్పు పెట్టబోయి, గుడ్డను వేళ్లతో నలిపి చూసుకుంది.

"ఇయ్యాళ్టికీ పచ్చిగానే ఉంది చూడక్కా," అంది. "పెళ్లయినకాడ్నించీ పచ్చివే వేసుకున్నా."