పెద్దమ్మ అటు తిరిగి కూర్చున్న రోజు

పక్క క్వార్టర్ పెద్దమ్మ పోయిందని అన్న ఫోన్ చేశాడు. అన్న అంటే ఆమె కొడుకు. నాకు తోడబుట్టినవాడు కాదు, గోడ అవతలి అన్న. వారమంతా మంచం చుట్టూ మనుషులే ఉన్నారు. అందరూ చాయ్ తాగడానికి వాకిట్లోకి లేచారట, ఆ కాసేపట్లోనే ఆమె వెళ్లిపోయిందట. "గా టైంల ఎవ్వరం లేకపోతిమి చెల్లె. ఒక్కతే పోయింది" అని ఏడ్చాడు. బస్సెక్కాను గానీ మనసు కుదురుగా లేదు. చంద్రపూర్ వచ్చేదాకా ఆ "ఒక్కతే" చెవిలోనే తిరిగింది.

మాది మహారాష్ట్రలో చంద్రపూర్ పక్కన, పద్మాపూర్ దగ్గరి బొగ్గుగని కాలనీ. అక్కడ పెద్దమ్మ కాలు ఒకచోట నిలవడం ఎవరూ చూడలేదు. ఎవరింట్లో కుక్కర్ కూసినా కిటికీలో ఆమె తల కనిపించేది. ఆదివారం ప్రార్థనలో అందరూ కళ్లు మూసుకుంటే, ఎవరెవరు రాలేదో ఒక కన్ను తెరిచి చూసుకునేది. దెప్పితే నవ్వేది. "మనుసులను సూడకుంటె నాకు అన్నం అరగదు బిడ్డా."

ఒకసారి వానాకాలం ముగుస్తున్న రోజుల్లో ఆమె ఒక ఊసరవెల్లిని ఇంటికి తెచ్చింది. కంచె దగ్గర ఎవరో రాళ్లు వేస్తే దాని కాలికి దెబ్బ తగిలింది. విషప్పురుగని, ఇంటికి మంచిది కాదని కాలనీ అంతా గోల. తెలుగువాళ్లూ మరాఠీవాళ్లూ ఒక్క మాట మీద నిలబడ్డది అప్పుడే అనుకుంటాను. పెద్దమ్మ లెక్కచెయ్యలేదు. "ఇది రంగు మార్తె కండ్లకు కనవడుతది. మనుసులకంటె గిదే నయం" అంది.

అడవి జీవిని పెంచడం నేరమని చెప్పాను. కాలు బాగు కాగానే వదిలేస్తానంది. పెరట్లో గోరింట పొదకు దోమతెర కట్టి అందులో ఉంచింది. గిన్నెలో నీళ్లు ముట్టదని తెలిశాక ఆకుల మీద చల్లేది. మిడతలు పట్టి వేసేది. దాని నడక చూసి "దొర" అని పేరు పెట్టింది.

కాలు బాగైంది. రేపోమాపో వదులుదామనగా దొర తిండి మానేశాడు. కొమ్మ దిగి గచ్చు మీద గోళ్లతో గీకడం మొదలుపెట్టాడు. పెద్దమ్మ ఎత్తి కొమ్మ మీద పెట్టడం, అది మళ్లీ దిగడం. "బలం లేక పడుతున్నడు పాపం" అని ఆమె దిగులు. నేనప్పుడు చంద్రపూర్‌లో జంతుశాస్త్రం చదువుతున్నాను. దాన్ని చేతిలోకి తీసుకుని వెనక కాళ్లు చూశాను. మగదానికి మడమ దగ్గర చిన్న ముల్లులాంటి బుడిపె ఉంటుంది. దీనికి లేదు. పొట్ట ఎగుడుదిగుడుగా ఉబ్బి ఉంది.

"పెద్దమ్మా, దొర కాదు, దొరసాని. కడుపు నిండ గుడ్లు."

ఆమె నెత్తి కొట్టుకుంది. "అయ్యో నా తెలివి మండ! అది దిగుతనంటుంటె నేను ఎక్కిస్తున్ననా!"

తవ్వుకోవడానికి మెత్తటి నేల దొరక్కపోతే గుడ్లు లోపలే నిలిచిపోయి తల్లి చచ్చిపోతుంది. మా వాకిళ్లు చూస్తే గచ్చు, అది దాటితే రాయిలా గట్టిపడ్డ నేల. పెద్దమ్మ లోతైన డ్రమ్ము తెచ్చి ఇసుకతో నింపింది. పిడికిట పడితే ముద్ద కావాలి, పిండితే నీళ్లు కారకూడదు. అలా తడిపి సిద్ధం చేసింది. దొరసాని అందులోకి దిగి తవ్వడం మొదలుపెట్టింది.

అసలు తిప్పలు అప్పుడొచ్చాయి. ఎవరైనా చూస్తున్నారని తెలిస్తే అది గుంత వదిలేసి పైకి వచ్చేస్తుంది. చూసేవాళ్లలో అందరికంటే ముందు పెద్దమ్మే. తొంగిచూసింది, అది బయటికి వచ్చేసింది. మళ్లీ తవ్వింది, మళ్లీ ఈమె తొంగిచూసింది. "ఊకె జర సూసిన, అంతే" అంది. నాకు ఏడుపొచ్చింది. "నువ్వు సూస్తనే ఉంటె అది సచ్చిపోతది పెద్దమ్మా."

ఆమె ముఖం చిన్నబోయింది. లోపలికి వెళ్లి పాత చీర తెచ్చి డ్రమ్ము చుట్టూ తెరలా కట్టింది. స్టూలు లాక్కుని దానికి వీపు పెట్టి కూర్చుంది. ఒళ్లో చేటెడు బియ్యం. వచ్చినవాళ్లను వచ్చినట్టే తరిమింది. "ఏం సూస్తరు? గింతమంది కండ్లల్ల పెట్టుకుంటె దానికెట్లయితది? అటు తిరుగున్రి!"

ఆ మధ్యాహ్నమంతా ఆమె పాదాలు ఊగుతూనే ఉన్నాయి. చెయ్యి వెనకాల తెర అంచు దాకా పోయి వెనక్కి వచ్చేది. మెడ మాత్రం తిప్పలేదు. పొద్దు వాలేసరికి ఇసుక చదునుగా కప్పి ఉంది. దొరసాని పొట్ట లోపలికి పోయి, చిక్కిపోయి, గోరింట కొమ్మ మీద ఉంది. ఆకుల మీద నీళ్లు చల్లితే చాలాసేపు తాగింది. బాగా మేపి, ఒంట్లో బలం వచ్చాక కాలనీ అవతల తుప్పల్లో వదిలాం. డ్రమ్మును కదపకుండా నీడలోనే ఉంచాం. మళ్లీ వానలు మొదలయ్యాక అందులోంచి వచ్చిన పిల్లల్నీ అక్కడికే చేర్చాం. ప్రాణాన్ని ప్రేమించడమంటే కొన్నిసార్లు చూడకుండా ఉండటమని నాకు నేర్పింది, చూడకుండా ఉండలేని మనిషి.

పోయిన వారం నేను ఆమెను చూడటానికి వెళ్లినప్పుడు గది నిండా జనం. ఆమె నా చెయ్యి పట్టుకుని, "అందరు నన్నే సూస్తున్నరు బిడ్డా" అంది. వేళాకోళం అనుకుని అందరం నవ్వాం.

సమాధి దగ్గర ప్రార్థన అయ్యాక ఇంటికి వచ్చాం. ఖాళీ మంచం పక్కన నిలబడి అన్న మళ్లీ అదే అన్నాడు, ఒక్కతే పోయిందని.

"అన్నా, దొరసాని యాదికున్నదా? అందరు అటు తిరిగినంకనే గుడ్లు పెట్టింది." అన్నాను.

 అన్న వాకిట్లోంచి ఆమె స్టూలు తెచ్చి గడపలో వేసుకుని, గదికి వీపు పెట్టి కూర్చున్నాడు. ఎవరో పలకరించడానికి వచ్చి లోపలికి తొంగిచూడబోతే, తల తిప్పకుండానే చెయ్యి అడ్డం పెట్టాడు.